గుండెకు కొత్త వెర్షన్

గౌరునాయుడి గుండెలోని యంత్రానికి కొత్త వెర్షన్ ఎక్కుతోంది. అది ఎక్కేటప్పుడు మనిషిని కదపకూడదని వీధిలో అందరికీ తెలుసు. అందుకే భార్య రాజులమ్మ ఆయన్ని గదిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, గోంగూర వలుస్తూ ఫోన్‌లో స్టేటస్ చూసుకుంటోంది. ఎన్నిసార్లు చూసినా "జరుగుతోంది" అనే ఉంది.

"అయ్య మూలుగుతన్నాడే అమ్మా," అంది కూతురు హైమ.

"ఎల్లకు. సగంలో ముట్టుకుంటే పాడైపోద్ది."

కాసేపటికి మూలుగు ఆగింది. ఇంకో పావుగంటకు ఫోన్‌లో పచ్చటి అక్షరాలు వచ్చాయి: "విజయవంతం." రాజులమ్మ చేతులు కడుక్కుని టీ పట్టుకెళ్లింది. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

డాక్టరు రానన్నాడు. స్టేటస్ పచ్చగా ఉన్న ఇంటికి ఏ డాక్టరూ రాడు. శ్మశానం గేటు కూడా తెరుచుకోదు. చివరికి యంత్రం కంపెనీకి ఫోన్ చేసింది.

"రికార్డులో సార్ బాగానే ఉన్నారండీ," అంది అవతలి అమ్మాయి.

"సచ్చిపోనాడమ్మా. నా కళ్లముందరే ఉన్నాడు. ఆ ఒక్క ముక్కా మార్చు తల్లీ."

"ఫెయిలైందని రాయాలంటే, యంత్రం ఎవరిదో వాళ్లే ఫిర్యాదు చెయ్యాలండీ. ఒక్కసారి సార్‌కి ఫోనివ్వండి."

రాజులమ్మ వంగి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.