తాబేలత్త అడిగిన ఒక్క మాట

పోయినేడు చెరువు ఎండిపోయి, తోకలైనా ఊడని పిల్లలందరినీ పోగొట్టుకుంది కప్పమ్మ. ఈసారి తొలివాన పడగానే, కడుపునిండా గుడ్లతో, తాబేలత్త వెంట కొత్తచోటు వెతుక్కుంటూ బయల్దేరింది.

మొదట తామరకుంట కనబడింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అక్కడి కప్పలు "రండి వదినా!" అంటూ ఆకుల మీద చోటిచ్చాయి. కప్పమ్మకు ప్రాణం లేచొచ్చింది.

తాబేలత్త ఒక్కటే అడిగింది. "మీలో పాతవాళ్లెవరమ్మా?"

"అందరం ఈ వానకి వచ్చినవాళ్లమే!" అన్నాయవి గర్వంగా.

"పద," అంది తాబేలత్త.

తర్వాత వచ్చింది బురదమడుగు. ముక్కు పగిలే కంపు. ఓ ముసలి చేప తల పైకెత్తి, "ఎవరు రమ్మన్నారే మిమ్మల్ని? పన్నెండు వేసవులుగా చూస్తున్నా, ఒక్కనాడు తేటనీళ్లు తాగిన పాపాన పోలేదు!" అని కసిరింది.

"ఇక్కడే ఉందాం," అంది తాబేలత్త.

కప్పమ్మకు ఒళ్లు మండింది. "నీకేమైనా మతిపోయిందా అత్తా?"

"పన్నెండు వేసవులు సణుక్కుంటూ బతికిందే పిచ్చిదానా! చేప బతికిందంటే నీళ్లున్నట్టేగా?"

కప్పమ్మ తాబేలత్తను ఎగాదిగా చూసింది. అడుగు తీసి అడుగు వెయ్యడానికి పూట పట్టే ఈ ముసలిది, నీళ్లలో దిగకుండానే మడుగు లోతు కొలిచేసింది!

నడివేసవిలో తామరకుంట కప్పలు దుమ్ముకొట్టుకుని, ఎగశ్వాసతో వచ్చి పడ్డాయి. చుట్టూ పిల్లల్ని వేసుకుని కూర్చున్న కప్పమ్మ జరిగి చోటిచ్చింది.

"రండి వదినా. వానాకాలం నుంచి చూస్తున్నా, ఒక్కనాడు తేటనీళ్లు తాగిన పాపాన పోలేదు!"