ల్యాబులో ఒక మాట

"అమ్మా, అర్పిత వారంగా కాలేజీకి రాలేదు."

ల్యాబు తలుపు దగ్గర తెల్ల చొక్కాలో మునికృష్ణప్ప నిలబడి ఉన్నాడు. చిక్కబళ్ళాపురలోని ఆ డిగ్రీ కాలేజీలో ఆయన విద్యార్థుల సంక్షేమ అధికారి.

కెమిస్ట్రీ లెక్చరర్ ప్రతిమ తల ఎత్తలేదు.

"హాజరు వేసేది నేనే కద సార్. తెలుసు."

"పరగోడు పల్లె పిల్ల. చివరి సెమిస్టరు. ఇంక పంపించనని వాళ్ళ నాయన అంటాండాడు. ల్యాబులో ఏదో మాట జరిగిందంట."

ప్రతిమ చేతిలో పెన్ను ఆగింది.

పోయిన వారం అర్పిత చేతిలోంచి గాజు బ్యూరెట్ జారి పగిలింది. "పేడ ఎత్తుకునేదానివి, నీకెందుకు సైన్సు?" అని విసుగులో అనేసింది తను. క్లాసంతా నవ్వింది.

"మీరొక మాట చెప్తే వస్తాదమ్మా. ఆదివారం నాతో రండి. పోనీ, ఫోనైనా చెయ్యండి."

"నేను పాఠం చెప్పేదాన్ని సార్. ఇండ్ల చుట్టూ తిరిగేది మీ పని. ఫంక్షన్లకు షామియానా కట్టించేది కాక, ఇదొకటైనా చెయ్యండి."

పక్క టేబుల్ దగ్గర మంజుశ్రీ మేడమ్ కిసుక్కుమంది.

మునికృష్ణప్పా నవ్వాడు. "షామియానా గట్టిగానే కట్టిస్తాండా కదమ్మా," అని వెళ్ళిపోయాడు.

సోమవారం అర్పిత వచ్చింది. ప్రతిమను చూసి సిగ్గుగా నవ్వింది కూడా.

ప్రతిమ మనసు తేలికపడింది. పిల్లలు ఇట్టే మరిచిపోతారు అనుకుంది.

నెల తిరక్కుండానే మునికృష్ణప్ప రిటైరయ్యాడు. వీడ్కోలు సభకు ప్రతిమ పోలేదు. పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

ఫలితాలు వచ్చిన మర్నాడు అర్పిత తండ్రి పిళ్ళప్ప చెనిక్కాయల మూటతో వచ్చాడు.

"ఫస్టు క్లాసమ్మా. అంతా మీ చలవ."

"నేనేం చేసినానప్పా?"

"అట్లంటే ఎట్లమ్మా? నా బిడ్డ ఆ మేడమ్ ముందర మళ్ళీ నిలబడనని ఒకటే ఏడుపు. మాకీ చదువే వద్దని నేనూ మొండికేసుకుంటి. మీరు మనిషిని పంపించకపోతే అంతటితో అయిపోయుండె."

"మనిషినా?"

"అదేనమ్మా. 'ఆ మాట అన్నప్పటి నుంచి మా మేడమ్‌కు అన్నం పోవడం లేదు, తప్పయిపోయిందని చెప్పి రమ్మన్నారు' అన్న్యాడు. చదువు చెప్పే అమ్మే అంత మాటంటే ఇంకేముండాది? లోపలికి పోయి ఆ మాట చెప్తానే నా బిడ్డ కండ్లు తుడుచుకుని లేచె."

ప్రతిమ కుర్చీలో నిదానంగా కూర్చుంది.

"ఎట్లుండె ఆయన?"

"పెద్దాయన. తెల్ల చొక్కా. కోపంలో ఉంటి కదా, కూర్చోమని కూడా అనలేదు. ఎండలోనే నిలబెట్టి, నువ్వెవరప్పా అని కసిరితి."

"ఏమన్నాడు?"

"'మేడమ్ ల్యాబులో గాజు సామాన్లు కడిగేవాణ్ణి' అన్న్యాడమ్మా."