తల్లికోడి

ప్రెస్సు యజమానికి గుండెలో కవాటం ఒకటి చెడిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఊళ్ళో ఆ ఆపరేషన్ చేసే సర్జన్లు ఇద్దరే. ఒకరు పొడుగు డాక్టరు, ఇంకొకరు బొద్దు డాక్టరు.

"వాళ్ళ దగ్గర చేయించుకున్నవాళ్ళను నలుగుర్ని అడిగి చూద్దామండీ," అంది భార్య.

"ఎందుకూ? ఇద్దరూ మా ఆటల క్లబ్బువాళ్ళే. ఆదివారం వాళ్ళిద్దరి మధ్య పోటీ కూడానూ. మనిషి అసలు రంగు ఆటలోనే బయటపడుతుంది. నేను కళ్ళారా చూసి తేలుస్తాగా!"

ఆవిడ తల కొట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆట పేరుకు గ్రహాంతర యుద్ధం. పెద్ద బల్ల, దాని మీద అట్టముక్కల కొండలు, వేలెడంత ప్లాస్టిక్ సైనికులు. దెబ్బ తగిలినవాణ్ణి పక్కకు పడుకోబెట్టాలి. రెండు ఎత్తుల్లోపు ఉక్కు కవచం తొడిగిన అంబులెన్సు వచ్చి ఎత్తుకుపోతే బతికినట్టు. లేకపోతే డబ్బాలోకి. ఆరు చక్రాల ఆ బండికి తుపాకీ కూడా ఉండదు. గాయపడినవాళ్ళను కడుపు కింద దాచుకుంటుందని క్లబ్బులో దాన్ని తల్లికోడి అంటారు. గెలవాలనుకున్నవాడెవడూ దాని జోలికి పోడు. గెలుపు లెక్కంతా కొండల మీదే.

ఆదివారం ప్రెస్సాయన బల్ల వారనే కుర్చీ వేసుకున్నాడు. పైకి ఆటే గానీ ఆయన చూస్తున్నది తన ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలా అని.

పొడుగు డాక్టరు తల్లికోడిని పెట్టెలోంచి తియ్యనే లేదు. పడినవాణ్ణి పడినట్టే వదిలేసి కొండలెక్కేశాడు.

ప్రెస్సాయన ఉండబట్టలేకపోయాడు. "అంబులెన్సు తియ్యండి సార్. పాపం, అంతమంది పడి ఉన్నారు."

"పొద్దస్తమానం ఆ పనేగా! ఇక్కడన్నా వదిలెయ్యండి బాబూ," అని పొడుగు డాక్టరు ఆవలించి ఇంకో కొండ పట్టుకున్నాడు.

రాతిమనిషి, అనుకున్నాడు ప్రెస్సాయన.

బొద్దు డాక్టరు సంగతే వేరు. ఒక్క సైనికుడు పడ్డా విలవిల్లాడిపోయాడు. చేతికొచ్చిన కొండలు వదులుకున్నాడు. ట్యాంకులన్నీ అడ్డుపెట్టి, తల్లికోడిని గుండ్ల మధ్యలోకి తోలాడు. చివరివాణ్ణి ఎత్తుకొచ్చేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బతికాడు! అందరూ బతికారు!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు.

ఆట మాత్రం చిత్తుగా ఓడిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ప్రెస్సాయన లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సార్, నా ఆపరేషన్ మీరే చెయ్యాలి."

బొద్దు డాక్టరు తెల్లబోయాడు. "నేనా? బాగా ఆలోచించుకునే అంటున్నారా?"

ఎంత వినయం, అని మురిసిపోయాడు ప్రెస్సాయన.

"ప్లాస్టిక్ బొమ్మ కోసం కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి, రక్తమాంసాలున్నవాణ్ణి వదిలేస్తాడా?" అన్నాడు ఇంటికొచ్చి. ఈ మాటకు భార్య కూడా కాదనలేకపోయింది.

ఆపరేషన్ రోజు ఆయన నవ్వుతూనే బల్లెక్కాడు. బయట కూర్చున్న భార్యకు తనే ధైర్యం చెప్పి మరీ వచ్చాడు. మత్తు మందు ఇచ్చారు. కళ్ళు మూతలు పడుతున్నాయి, చెవులు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి.

నర్సు గ్లవ్స్ అందిస్తూ అడిగింది. "మళ్ళీ ఓడిపోయారటగా సార్? ఆ బొమ్మల్ని బతికించాలని అంత పంతమేమిటండీ మీకు?"

"ఏం చెయ్యను సిస్టర్," నిట్టూర్చాడు బొద్దు డాక్టరు, "నా చేతుల్లో పడ్డవాళ్ళు బతికి బయటపడేది అక్కడొక్కచోటే కదా!"