రాతి మీద దెబ్బలు

ఆ పొద్దున మడుగు దగ్గర పిట్టల గుంపులో ఉన్న మీరేం చూశారో దాచకుండా చెప్పండి.

నక్క వస్తే తీతువుపిట్ట అందరికీ కేకేసేది. తాబేలవ్వకు మాత్రం చెవులు వినపడవు; రాతి మీద దెబ్బలే ఆమె భాష. అందుకని తీతువు ముక్కుతో రాయి కూడా కొట్టేది.

“ఒక్క ముసలిదాని కోసం ముక్కు అరగదీసుకుంటావా అక్కా?” అంది కొంగ. పిట్టలన్నీ తలూపాయి, మీరూ ఊపారు. అలిసిపోయిన తీతువు రాయి కొట్టడం మానేసింది.

మర్నాడు నక్క వచ్చింది. తీతువు కేక విని పిట్టలు ఎగిరిపోయాయి. ఎండలో కునుకు తీస్తున్న అవ్వ కాలు నక్క కొరికేసింది.

నక్క పోయాక తీతువు ఏడుస్తూ పక్కన వాలింది. అవ్వ దాని అరిగిన ముక్కు నిమిరింది. “నొప్పెడితే మానెయ్యి తల్లీ. మానేశావని ముందే తెలిస్తే నీళ్లలోనే ఉండేదాన్ని కదా.”

మానేస్తున్నామని చెప్పడానికైనా ఆఖరిసారి ఆ రాయి కొట్టాలని మీలో ఒక్కరికీ ఎందుకు తోచలేదు?