చెప్పని మైనస్

"బాబూ, ఇది మోగుతుందా?"

ఫోన్ల షాపులో అలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యరు. కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అంటారు. సేల్స్‌మన్‌కి నవ్వొచ్చింది.

"మోగకపోతే అది ఫోనెందుకవుతుంది బాబాయ్?"

ఆ పెద్దాయనకు యాభై దాటి ఉంటాయి. పదేళ్ళు మోగిన బటన్ల ఫోన్ నిన్ననే పాడైందట.

"అది కాదు నాయనా. గంటల తరబడి ఊరికే పడున్నా, కాల్ రాగానే మోగాలి. నాకొచ్చేవే నెలకు నాలుగు కాల్స్. నాలుగూ మోగాలి."

"ఎవరు చేస్తారేంటి బాబాయ్, మంత్రిగారా?"

పక్క కౌంటర్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. తన పనేమిటో ఆయన చెప్పలేదు, ఇతనూ అడగలేదు.

సేల్స్‌మన్ మధ్యరకం ఫోనొకటి తీశాడు. మరీ చవకా కాదు, మరీ ఖరీదూ కాదు. ఈ నెల ఇదే అమ్మాలని మేనేజరు ప్రాణం తోడేస్తున్న మోడల్.

"స్క్రీన్ చూడండి, ఎండలో కూడా కనబడుతుంది. చేతిలోంచి జారినా పగలదు. అన్నిటికంటే బ్యాటరీ. ఒక్కసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు మర్చిపోవచ్చు."

"మరి మైనస్సులు?"

"చీకట్లో ఫొటోలు కాస్త మసగ్గా వస్తాయి. అంతే."

చిన్న మైనస్ చెబితే పెద్ద మైనస్ దాక్కుంటుంది. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళకు ఇది మొదటి పాఠం.

పెద్ద మైనస్ షాపువాళ్ళ గ్రూపులో ఉంది. ఆ గ్రూపు నియమం ఒకటే: ప్లస్సులు కస్టమర్‌కి, మైనస్సులు మనకి.

అరగంట ముట్టుకోకపోతే ఈ ఫోన్ నిద్రపోతుంది. అప్పుడు కాల్ వచ్చినా మోగదు. మళ్ళీ చేతిలోకి తీసుకున్నాక తీరిగ్గా మిస్డ్ కాల్ అని చూపిస్తుంది. సెట్టింగుల్లో ఒకటి మారిస్తే చాలు, మోగుతుంది. అరనిమిషం పని. కాని మారిస్తే బ్యాటరీ సాయంత్రానికే అయిపోతుంది. ఆ రెండు రోజుల ప్లస్సు ఈ మైనస్సులోంచే వస్తోంది మరి.

సేల్స్‌మన్ వేలు సెట్టింగుల దాకా వెళ్ళి ఆగింది. ఎందుకు మారుస్తున్నావని అడిగితే ఏం చెప్పాలి?

"మోగుతుంది బాబాయ్. పూచీ నాది."

ఆ మాట అంటూనే తన చొక్కా జేబు తడుముకున్నాడు. ఇంట్లో భార్యకు ఏడో నెల. ఏ క్షణాన పిలుపొస్తుందోనని తన ఫోన్ సౌండు నిండుగా పెట్టుకున్నాడు. అది వేరే మోడల్ లెండి.

వారం తిరక్కుండానే పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

"బాబూ, నిన్న ఒక కాల్ మోగలేదు. అదృష్టం బాగుండి నేనే అటు వెళ్ళాను గాని, లేకపోతే..."

షాపు నిండా జనం. మేనేజరు ఇటే చూస్తున్నాడు.

"మీ ఇంటి గోడలు మందమా?"

"పాత ఇల్లు. మందమే."

"అదీ సంగతి! లోపలికి సిగ్నల్ అందట్లేదు. ఆరుబయట పెట్టుకోండి, ఎందుకు మోగదో చూద్దాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది.

"చల్లగా ఉండు నాయనా" అని వెళ్ళిపోయాడు పెద్దాయన.

మరో పది రోజులకు సేల్స్‌మన్ జేబులో ఫోన్ మోగింది.

కొడుకు పుట్టాడు. నెలలు నిండలేదు. గుప్పెడంత బిడ్డ. గాజుపెట్టెలో పడుకోబెట్టి ఆక్సిజన్ గొట్టం తగిలించారు.

"పిల్లాడు గట్టివాడేనండీ" అంది నర్సు. తండ్రి అద్దంలోంచి చూసి, ముక్కు తనదేనని మురిసిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆస్పత్రి వెనక గదిలో ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది.

"గంటకు సరిపడా సిలిండర్లున్నాయి. మెకానిక్‌ని పిలవండి" అన్నాడు డాక్టరు. "ఇల్లు దగ్గరే. పది నిమిషాల్లో వస్తాడు."

నర్సు ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది.

"రింగవుతోంది సార్, ఎత్తట్లేదు."

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఇలా చెయ్యలేదే!"

సేల్స్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడండీ వాడు? పసిపిల్లల ప్రాణాలు పోతుంటే ఫోన్ ఎత్తడా? మనిషేనా?"

ఇప్పుడెత్తుతాడు, ఇప్పుడెత్తుతాడు అనుకుంటూనే ముప్పావుగంట గడిచిపోయింది. ఇంటికి మనిషిని పంపాలని అప్పటికిగాని ఎవరికీ తోచలేదు. వార్డు అటెండర్ మెకానిక్ ఇంటికి పరిగెత్తాడు.

ఈలోగా సిలిండర్లు అయిపోయాయి. నర్సు బిడ్డ ముఖానికి రబ్బరు బ్యాగు తగిలించి చేత్తో గాలి కొడుతూనే ఉంది. చిన్న ఛాతీ ఎగిరెగిరి పడింది. తర్వాత ఎగరలేదు.

తల్లికి ఎవరు చెప్పాలి? సేల్స్‌మన్ వరండా గోడకు చేరగిలి కూలబడ్డాడు.

అంతలో వెనక గదిలో మిషన్ మళ్ళీ కదిలింది. వచ్చిన మనిషికి పట్టింది ఐదు నిమిషాలే. వార్డులో గాజుపెట్టెల్లో ఉన్న మిగతా ముగ్గురు పిల్లలూ బతికారు.

అటెండర్ రొప్పుతూ నర్సుతో చెబుతున్నాడు.

"ఆయన తప్పేం లేదమ్మా. ఎండలో, ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ పక్కనే స్టూలు మీద పెట్టుకున్నాడు. లోపలైతే మోగదని ఎవరో చెప్పారట. పది పన్నెండు రోజులుగా రోజూ అలాగే కూర్చుంటున్నాడట, పిచ్చి మారాజు."

సేల్స్‌మన్ మెల్లగా తలెత్తాడు.

ఆలస్యమైనందుకు క్షమించమని అడగడానికి బిడ్డ తండ్రి ఎవరని వాకబు చేసుకుంటూ వరండాలో తన వైపే నడిచి వస్తున్న ఆ మెకానిక్, నెలకు నాలుగు కాల్సూ మోగాలన్న పెద్దాయన.