మూతి మీద కన్నం

పన్నెండో చేప మూతి కూడా తిప్పి చూసింది వంటావిడ. పన్నెండింటికీ కన్నం ఎడమ పెదవికే ఉంది. అదీ మూతి కొస నుంచి గోరంత దూరంలో, కొలత పెట్టి పొడిచినట్టు.

గాలానికి పడ్డ చేప ఎక్కడన్నా అలా ఉంటుందా? ఎర మింగబోయి ఒకటి ఎడమకి చీల్చుకుంటుంది, ఒకటి కుడికి, ఇంకొకటి దవడ కిందికి. ప్రాణం మీద తీపితో గుంజుకుంటుంది కాబట్టి కన్నం చుట్టూ నెత్తురు కమిలి ఉంటుంది. వీటికి ఆ జాడే లేదు. చచ్చాక పొడిచిన కన్నాలివి. తోకలు సిమెంటు గోడలకి రాసుకుని అరిగిపోయి ఉన్నాయి. ఒకదాని పొట్ట కోస్తే పచ్చటి కొవ్వు వేళ్లకి జిడ్డులా అంటుకుంది. వెనకాలే బురద కంపు గుప్పుమంది. అనుమానమే లేదు, ఇవి తొట్టిలో పెంచిన పండుగప్ప చేపలు.

సముద్రంలో గాలం వేసి పట్టిన చేప తప్ప మరొకటి వండబోమని ఆవిడ పనిచేసే హోటలు బయట ఇంత పెద్ద బోర్డుంది. ఆ బోర్డుకి సాక్షి ఈవిడే. చేపని తలతో సహా వేయించి, తనే పళ్లెం పట్టుకెళ్లి, మూతి మీది కన్నం వేలితో చూపించి, "గాలానికి పడిందండీ" అని చెప్పడం అక్కడి ఆనవాయితీ. రెండు నెలల కిందట చేపలు కడగడానికి వెనక గదిలో వేరే మనిషిని పెట్టారు. అప్పట్నుంచీ శుభ్రం చేసి మసాలా పట్టించినవే ఆవిడ పొయ్యి దగ్గరికి వస్తున్నాయి. పళ్లానికి ఒక చేపాయె, పక్కపక్కన పెట్టి చూసే అవసరమేముంది? పెనంలో నూనె మరీ తేలుతోందేమిటా అని మాత్రం రెండు మూడుసార్లు అనుకుంది. ఇవాళ ఆ మనిషి రాకపోబట్టి, రాత్రి అతను సర్ది వెళ్లిన చేపల పెట్టె కడగకుండానే సరాసరి ఆవిడ ముందుకి వచ్చింది.

వెనక గదిలోకి వెళ్లి చూస్తే, కుళాయి పక్కన గోనెసంచులు కుట్టే దబ్బనం దొరికింది. మొనకి పొలుసు ఎండి అతుక్కుని ఉంది.

ఎంత రోత పని! ఆవిడకి తన వేలు చూసుకుంటేనే అసహ్యం వేసింది. రెండుసార్లు సబ్బుతో రుద్దినా ఆ అసహ్యం వదల్లేదు. వారం వారం వచ్చే మాష్టారు గుర్తొచ్చారు. తొట్టి చేపల మేత కోసం సముద్రంలో పిల్లచేపలన్నిటినీ ఊడ్చేస్తున్నారని, అందుకే గాలం చేప తప్ప ముట్టనని ఆయన పట్టుదల. "నువ్వు చెబితే చాలమ్మా" అని, కన్నం వైపైనా చూడకుండా తింటారు. అంత నమ్మిన మనిషికి రెండు నెలలుగా బురద తినిపించింది తను.

పెట్టె ఎత్తుకెళ్లి ఓనరు బల్ల మీద పెట్టింది. దాని మీద దబ్బనం పడేసింది.

ఓనరు దబ్బనాన్ని సొరుగులోకి తోసేశాడు. గాలం చేప రోజూ దొరకదని, బోర్డు మాత్రం రోజూ అక్కడే ఉంటుందని నవ్వుతూ చెప్పుకొచ్చాడు.

"వచ్చేవాళ్లకి కావలసింది కన్నం అక్కా. కన్నం ఉందిగా."

"చచ్చినదాన్ని పొడిచి, అది నా వేలితో చూపించమంటావా?"

"నిన్నటిదాకా చూపించావుగా."

ఆవిడ పెట్టె తిరిగి చేతుల్లోకి తీసుకుంది. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అన్నారా! మధ్యాహ్నం పచ్చముద్ర సారు వస్తున్నారని, ఆయన ముందు నోరు జారితే రేపట్నుంచి పనికి రానక్కర్లేదని కూడా ఓనరు చల్లగా చెప్పాడు.

పచ్చముద్ర సారంటే, సముద్రం చేపే వండే హోటళ్లకి ముద్ర వేసే ఆఫీసరు. నెలకోసారి వచ్చి చేప చూసి, రుచి చూసి, గుమ్మం దగ్గర కాగితం మీద పచ్చటి ముద్ర గుద్ది వెళతారు. నిక్కచ్చి మనిషని పేరు. చేపల గురించి ఆయనకి చెప్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ పొయ్యి దగ్గర నిలబడాల్సిందేనని ఆవిడకి తెలుసు. అయినా పోతే పోనీ అనుకుంది. రేపు మాష్టారొస్తే ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలి?

మధ్యాహ్నం సారు వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. ఓనరు ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లగానే, ఆవిడ పెద్ద పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో వేయించిన చేప లేదు. పన్నెండు పచ్చి చేపలు, ఎడమ మూతులు పైకి పెట్టి వరసగా పేర్చి ఉన్నాయి.

"వండే ముందు ఇవొక్కసారి చూడండి సార్. మూతులు చూడండి." అంది ఆవిడ.

సారు వంగి చూశారు. ఒకదాన్ని ఎత్తి వెలుతురుకి పట్టారు. రెండోదాన్ని తిప్పారు, మూడోదాని కన్నం మీద వేలు పెట్టి తడిమారు. ఆయన మొహం ముడుచుకుపోతున్నకొద్దీ ఆవిడకి గుండెల మీంచి బండ దిగినట్టుంది. పని పోతే పోయింది, నిజం తెలిసిన మనిషి చేతిలో పడింది, అంతే చాలనుకుంది.

సారు పళ్లాన్ని అవతలికి నెట్టి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నారు.

"ఛీ, ఇదేం పనమ్మా?" అన్నారు రోతగా. "అటు సగం, ఇటు సగం పొడవండని పోయిన నెల మీ ఓనరుకి అంతలా చెప్పి వెళ్లానే."