సీసాల ముసలమ్మ

చల్లగాలిలో పసిపిల్లలు బాగా నిద్రపోతారని డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో తల్లుల నమ్మకం. పాపని బండిలో కాఫీ హోటలు బయటే పడుకోబెట్టి, సిగ్నె లోపల కిటికీ పక్కన వెచ్చగా కూర్చుంది.

కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

తాతల నాటి డెన్మార్క్ కథలన్నీ పిల్లల కోసం రికార్డు చేయించాలని ఆమె ఉన్న ఉద్యోగం వదిలేసింది. ఇంగెబోర్గ్ చదివితేనే తీసుకుంటామని రికార్డుల కంపెనీవాళ్లు తేల్చి చెప్పారు.

ఒకప్పుడు రోజూ సాయంత్రం రేడియోలో కథలు చదివి, దేశంలోని పిల్లలందర్నీ నిద్రపుచ్చిన మనిషి ఇంగెబోర్గ్. ఆ గొంతు ఎరగనివాళ్లు లేరు. మొహం మాత్రం ఎవరూ చూడలేదు.

ఎన్నాళ్లు బతిమాలాడో ఏమో, సిగ్నె స్నేహితుడు ఆస్గెర్ ఆమెను ఒప్పించాడు. ఇవాళ ఇక్కడికే వస్తానంది.

బయట పాప కదిలింది. ఏడుపు అందుకుంది.

సిగ్నె లేచేలోగా ఎవరో ముసలామె బండి మీదికి వంగి ఏదో గొణగసాగింది. మాసిన కోటు, చేతిలో ఖాళీ సీసాల సంచి.

చెత్తకుండీల్లో సీసాలు ఏరుకుని, దుకాణాల్లో తిరిగిచ్చి చిల్లర పుచ్చుకునే బాపతు!

సిగ్నెకు ఒళ్లు మండింది. ఒక్క అంగలో బయట పడింది.

"ఏయ్ ముసలిదానా! తియ్ చెయ్యి! ఆ మురికి చేతుల్తో నా పాపని ముట్టుకుంటావా?"

ముసలామె ఉలిక్కిపడి నోరు తెరవబోయింది.

"నోర్ముయ్! ఒక్క మాట మాట్లాడావంటే పోలీసుల్ని పిలుస్తా. సీసాలేరుకునేదానివి ఏరుకుని పో. పిల్లల జోలికొస్తావేం?"

ముసలామె నోరు మూసుకుంది. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

పాప మాత్రం హాయిగా నిద్రపోతోంది. ఆ సంగతి సిగ్నె గమనిస్తేగా!

"ఛీ! ఊరంతా ఇలాంటి దరిద్రులే తయారయ్యారు," అని కాఫీ తెచ్చిన అమ్మాయితో అని, ఇంకో కేకు తెప్పించుకుంది. కడుపు నిండా సంస్కారం మరి!

కాసేపటికి ఆస్గెర్ వచ్చాడు. ఒక్కడే.

"ఏదీ ఆవిడ?"

"రాదు. ట్రామ్ దగ్గర కనిపించింది. ఇక చదవనంటోంది. ఎంత చెప్పినా వినలేదు."

సిగ్నె కేకు పళ్లెం పక్కకి తోసేసింది.

"ఎంత పొగరు! పేరున్నోళ్లంతా ఇంతే. ఉద్యోగం వదులుకున్నాను, ఇప్పుడు నా బతుకేం కాను?"

ఆస్గెర్ కిటికీలోంచి పాప బండి వంక చూశాడు.

"పొగరు కాదు సిగ్నె. దారిలో తనింటి సీసాలు దుకాణంలో ఇచ్చేసి వద్దామని కాస్త ముందే బయల్దేరిందట. ఇక్కడే బయట ఏడుస్తున్న పాపకి కథ చెప్పి నిద్రపుచ్చుతుంటే, తల్లొచ్చి నోర్ముయ్యమందట."